90 పసుపు గీతలు

విజయవాడ నుంచి హైదరాబాదుకు కారు నడుపుకుంటూ వచ్చినవాళ్లకి ఈ అనుభవం ఉండే ఉంటుంది. గంటల తరబడి హైవే మీద 90లో, 100లో వచ్చి, హయత్‌నగర్ దాటి ఊళ్లోకి దిగాక కారు పాకుతున్నట్టు ఉంటుంది. తీరా చూస్తే ముల్లు 60 మీద ఉంటుంది. 60 అంటే సెకనుకి 16 మీటర్ల పైమాటే, అయినా కంటికి ఆనదు. ఎండలోంచి ఇంట్లోకి అడుగుపెట్టినవాడికి గదంతా చీకటిగా తోచినట్టే, వేగానికి అలవాటు పడ్డ కన్ను తగ్గిన వేగాన్ని ఉన్నదానికంటే తక్కువగా లెక్కగడుతుంది. డ్రైవరు నిర్లక్ష్యం కాదది. అతని కన్నే అతనికి తప్పు చెబుతోంది.

ఈ తప్పును రంగుతో సరిదిద్దిన పనితనం ఒకటుంది. నేను ఎంత మెచ్చుకున్నా తనివి తీరని పని అది. బ్రిటన్ రోడ్డు పరిశోధనశాలలో గోర్డన్ డెంటన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1960లలోనే డ్రైవర్లను వేగం సగానికి తగ్గించమని అడిగి పరీక్షలు చేశాడు. సగం చేశామనుకున్నవాళ్లు నిజానికి అంత తగ్గించలేదు. స్కాట్లాండులో ఎం8 మోటర్‌వే ఎడిన్‌బరోకి పడమరన న్యూబ్రిడ్జ్ రౌండ్‌అబౌట్ దగ్గర ముగిసే రోజులవి. మైళ్ల కొద్దీ అడ్డూఆపూ లేకుండా వచ్చిన బండి అక్కడ హఠాత్తుగా నెమ్మదించాలి. 1970ల మొదట్లో డెంటన్ ఆ దారి మీద అడ్డంగా పసుపు గీతలు వేయించాడు.

తర్వాత బ్రిటన్ అంతటా స్థిరపడిన కొలతల్లో చూస్తే ఈ గీతలు మొత్తం 90. ఒక్కొక్కటి 60 సెంటీమీటర్ల వెడల్పు, అన్నీ కలిసి దాదాపు 400 మీటర్ల పొడవు. పనితనమంతా గీతల్లో కాదు, గీతకీ గీతకీ మధ్య వదిలిన ఎడంలో ఉంది. మొదట్లో ఆ ఎడం సుమారు 8 మీటర్లు, రౌండ్‌అబౌట్ దగ్గరికి వచ్చేసరికి 3 మీటర్ల లోపు. ఒక్కో ఎడం వెనకటి దానికంటే రవ్వంత తక్కువ, ఆ తేడా లోపల కూర్చున్నవాడికి పట్టుబడదు. వేగం తగ్గించకుండా వస్తే గీతలు అంతకంతకీ త్వరత్వరగా బండి కిందికి వచ్చేస్తాయి, లయ ద్రుతంలోకి పరుగెడుతుంది. బండి తనంతట తాను జోరందుకుంటున్నట్టు కన్ను బెదురుతుంది, కాలు బ్రేకు మీదికి వెళుతుంది. గీసినవాడు కోరినట్టు నెమ్మదించిన వాడికో, ఆ 90 గీతలూ మొదటి నుంచి చివరిదాకా ఒకే తాళంలో సాగిపోతాయి. ఎంత తగ్గించాలో ఆ తాళమే చెబుతుంది.

ఇంకో సంగతి నన్ను మరీ ఆకట్టుకుంది. కనీసం 3 కిలోమీటర్లు పెద్ద కూడలి లేకుండా సాగిన జోడు రోడ్డు చివర్నే ఈ గీతలు వేయాలని అక్కడి నిబంధన. కన్ను వేగానికి అలవాటు పడితేనే కదా మందు అవసరం! 1981లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఇవి వేసిన చోట్ల వేగం వల్ల జరిగే ప్రమాదాలు సగానికి పైగా తగ్గాయి.

మన హైవేల మీద ఊరు రాబోయే ముందు వచ్చే మందపాటి తెల్ల చారలు వేరే జాతివి. అవి గడగడమని టైర్లకీ వెన్నుకీ చెబుతాయి. నిద్రమత్తులో ఉన్న డ్రైవరుకి ఆ కుదుపు అవసరమే, కాదనను. కానీ వాటిని తప్పించుకుందామని రోడ్డంచుకి జరిగే బైకుల్ని చూసినప్పుడల్లా, కంటితో మాత్రమే మాట్లాడే ఆ పసుపు గీతల నేర్పు గుర్తొస్తుంది.

వేగం సంగతి అలా ఉంచితే, ముందు బండికి ఎంత దూరం వదలాలన్నది ఇంకా చిక్కు ప్రశ్న. దూరం విషయంలో కన్ను మరీ అధ్వానం. అమెరికా హైవేల మీద లేన్ల మధ్య తెల్ల గీత పొడవెంత అని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వందల మంది విద్యార్థుల్ని అడిగితే, ఎక్కువమంది 2 అడుగులన్నారు. అసలు పొడవు 10 అడుగులు. అలాంటి కంటికి '70 మీటర్లు వదులు' అని బోర్డు పెట్టి ఏం లాభం?

ఫ్రాన్సువాళ్లు అందుకే కొలబద్దనే రోడ్డు మీద పరిచారు. అక్కడి గీతలన్నిటికీ 13 మీటర్లే మూలం. లేన్ల మధ్య 3 మీటర్ల గీత, 10 మీటర్ల ఖాళీ, కలిపితే 13. అత్యవసరంగా బండి ఆపుకునే పక్క దారిని వేరుచేసే అంచు గీత 39 మీటర్లు, అంటే మూడు పదమూళ్లు. దాని పక్క ఖాళీ ఒక్క పదమూడు. ఆ అంచు గీతల్లో రెండు, ముందు బండికీ మీకూ మధ్య నిండుగా కనబడాలి. డ్రైవరు నేర్చుకోవలసింది అంతే. ఒక్కటే కనబడితే ప్రమాదమని దారి పక్క బోర్డులు గుర్తు చేస్తుంటాయి. రెండు గీతలు, మధ్య ఖాళీ కలిపి 91 మీటర్లు. కనీసం 2 సెకన్ల దూరం ఉండాలని అక్కడి చట్టం. గంటకి 130 కిలోమీటర్ల వేగంలో 2 సెకన్లంటే 72 మీటర్లు, కాబట్టి కాస్త మిగులే. వాన పడితే అక్కడ వేగపరిమితి 110కి దిగుతుంది. తడిరోడ్డు మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది కనుక దూరం పెరగాలి. డ్రైవరు కొత్త లెక్కేమీ వేయనక్కర్లేదు. అవే రెండు గీతలు చూసుకుంటే, 110 వేగంలో ఆ 91 మీటర్లు దాదాపు 3 సెకన్లవుతాయి.