గాలి లేని పూట

మిరపకైనా పత్తికైనా మందు కొట్టాలంటే మా వైపు అందరూ చెప్పే మాట ఒకటే: గాలి లేని పూట చూసుకో. మందు మొహాన పడదు, పక్క చేలోకి పోదు అని. గాలి బలంగా ఉన్నప్పుడు కొట్టకూడదన్నంత వరకూ సరే. కానీ గాలి పూర్తిగా ఆగిపోయిన పూటంటే నాకు అంతకన్నా భయం.

చలికాలం, మబ్బు లేని సాయంత్రం తీసుకోండి. పొద్దు వాలుతుండగానే నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలీ చల్లబడి, బరువెక్కి, కిందే ఉండిపోతుంది. పైన గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లదనం పెరగాలి, ఇక్కడ తిరగబడింది. పాఠ్యపుస్తకాల్లో ఉష్ణోగ్రతా విలోమం అనేది దీన్నే. బరువైనది కింద, తేలికైనది పైన కుదురుకున్నాక ఆ రెండు గాలులూ ఇక కలవవు.

అప్పుడు నాజిల్ నుంచి వచ్చే తుంపరలో 100 మైక్రాన్ల లోపు చుక్కలు ఆకు మీద వాలవు, పైకి పోయి చెదరవు. మనిషెత్తున తేలుతూ, పల్లానికి జారే చల్లగాలితో పోయి ఎక్కడో దిగుతాయి. మొక్కజొన్నలో కలుపుకని కొట్టిన 2,4-డి అలా పత్తి చేనుకి చేరితే, వారం తిరిగేసరికి లేతాకులు ముడుచుకుని, ఈనెలు దగ్గరపడి, వేళ్లలా సన్నగా సాగుతాయి. పత్తికి ఆ మందు రవ్వంత తగిలినా చాలు.

మిట్టమధ్యాహ్నం మరో బాధ. కాగిన నేల మీంచి వెచ్చటి గాలి ఉండలు ఉండలుగా లేస్తుంది, గద్దలు రెక్క ఆడించకుండా తిరిగేది దాని మీదే. పొడిగాలి కిలోమీటరు లేస్తే దాదాపు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది, అయినా చుట్టూ ఉన్న గాలికన్నా వెచ్చగా ఉన్నంతసేపూ లేస్తూనే ఉంటుంది. ఆ వేళ తుంపరలో సన్న చుక్కలు దానితో పాటే పైకి పోతాయి, లేదా సగం దారిలోనే ఆవిరైపోతాయి.

మందు కలిపే ముందు నేను గట్టు మీద గుప్పెడు తడిగడ్డి రాజేస్తాను. పొగ కాస్త లేచి అక్కడే దుప్పటిలా అడ్డంగా పరుచుకుంటే పంపు ఎత్తను. ఒకే వైపు నిదానంగా వాలి, పోయేకొద్దీ చెదిరిపోతే పని మొదలు. ఎండెక్కి, ఆకు మీద మంచు ఆరి, సన్నగాలి ఆడే ఆ కాసేపే నాకు నమ్మకం.

కొట్టేవాళ్లకి ఇది చెబితే నవ్వరు, లెక్క చెబుతారు. కూలి ట్యాంకుకి ఇంతని. పొద్దెక్కాక దిగితే రెండు మూడు ట్యాంకులు తగ్గుతాయి. మూతికి తువ్వాలు చుట్టుకుని, కదలని ఆ తుంపరలో నడుస్తూ పీల్చేది వాళ్లే. తగ్గిన ట్యాంకుల కూలి చేను గలవాడే ఇచ్చుకోవాలి.