గీతను వెడల్పు చేసే విద్య

బంపరు మీద పడ్డ గీత ఎంత లోతో తెలియడానికి పరికరాలేమీ అక్కర్లేదు. బొటనవేలి గోరు అడ్డంగా లాగితే చాలు. గోరు ఆగకుండా జారిపోతే దెబ్బ పైనున్న క్లియర్ కోటుకే తగిలినట్టు. కాంపౌండు పెట్టి ఓపిగ్గా రుద్దితే పోతుంది. గోరు టక్కున ఆగిందంటే దెబ్బ ఇంకా లోపలికి దిగింది. అడుగున నల్ల ప్లాస్టిక్ కూడా కనిపిస్తుంటే ఇక ఏ పాలిషూ పనిచేయదు. అలాగని అదేమీ పెద్ద లోతు కాదు. ప్రైమరు, రంగు, క్లియర్ అన్నీ కలిపినా బంపరు మీద ఉండే పూత సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఏడో వంతుకు అటూ ఇటూ.

ఆ ఏడో వంతులో ఒక మనిషి చూపించిన పనితనం గురించే ఈ నాలుగు మాటలు. ఆయన విజయవాడలో మా వీధి పెద్దాయన. ఆర్టీసీ వర్క్‌షాపులో బస్సులకు రంగులు వేసి రిటైరయ్యారు. వీధిలో అందరికీ బాబాయ్ గారే. అల్లుడి వెండి రంగు స్విఫ్ట్ గేటు స్తంభానికి ఒరుసుకుని వెనక బంపరు కుడి మూల దోక్కుపోయింది. జానెడు పొడవున మూడు గీతలు, నడిమి గీతలో నలుపు తేలింది. అల్లుడు ఇన్సూరెన్సు మాట ఎత్తితే ఆయన లెక్క చెప్పారు. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు బండి ఎంత కొత్తదైనా 50 శాతం తరుగు కోస్తారు. క్లెయిము చేసుకుంటే నో క్లెయిమ్ బోనసూ పోతుంది. ఐదేళ్లు క్లెయిము లేకుండా బండి నడిపినవాడికి ఆ బోనసు 50 శాతం దాకా ఉంటుంది. "జానెడు గీతకి అంత ఎందుకయ్యా, ఆదివారం రా" అన్నారు.

నేను చూడ్డానికి వెళ్లాను. గీతలో ఏదో కూరి, పైన రంగు కొడతారనుకున్నాను. ఆయన మొదట చేసిన పని ఆ గీతను ఇంకా పెద్దది చేయడం. ఈ విద్యకు గుట్టు అక్కడే ఉంది. మన కంటికి ఎత్తుపల్లాలు కనిపించవు, వాటి అంచులు కనిపిస్తాయి. వెంట్రుకంత లోతున్నా అంచు నిటారుగా ఉంటే వెలుతురు అక్కడ విరిగి గీతగా తేలుతుంది. అదే లోతును చేతి వెడల్పున వాలుగా పరిచేస్తే కన్ను దాని మీదుగా జారిపోతుంది. కాబట్టి మంచి పెయింటరు గీతను పూడ్చడు, దాని అంచులను దూరం జరుపుతాడు. ఆపైన చేసే ప్రతి పనీ, లప్పమైనా ప్రైమరైనా రంగైనా, ఈ ఒక్క సూత్రాన్నే మళ్లీ పాటిస్తుంది.

అంతకంటే ముందు కడుగుడు. అంట్లు తోమే సబ్బు నీళ్లతో ఒకసారి, ఆరాక గ్రీజు తీసే ద్రావకంతో రెండుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో. కారణం సిలికాన్. కారు లోపల డాష్‌బోర్డు మెరవడానికి కొట్టే పాలిష్‌లు గాలిలో తేలివచ్చి బయట కూడా అంటుకుంటాయి. ఆ జాడ కాస్త మిగిలినా తడి రంగు అక్కడ నిలవకుండా చుట్టూ పక్కకు తొలగి చేపకన్ను లాంటి గుంట పడుతుంది. ముందే రుద్దడం మొదలుపెడితే ఆ జిడ్డు కాగితపు గరుకుతో పాటు లోపలికి దిగిపోతుంది. అందుకే కడిగాకే రుద్దాలి. ఈ వరస తప్పిన పనులు ఎన్నో పాడవడం చూశానన్నారాయన.

బంపరు వెనకవైపు చెయ్యి పెట్టి తడిమితే అచ్చు పోసినప్పుడే వేసిన అక్షరాలు తగులుతాయి. ఈ రకం బంపర్ల మీద సాధారణంగా 'పీపీ ప్లస్ ఈపీడీఎం' అని, పక్కన 'టీ20' లాంటి అంకె ఉంటుంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్. ఈపీడీఎం అనేది దెబ్బకు పగలకుండా వంగేలా కలిపే రబ్బరు. టీ20 అంటే గట్టిదనం కోసం కలిపిన టాల్క్ పొడి 20 శాతం. పాలీప్రొపిలీన్‌ను ఒక క్రమంలో అల్లడం 1954లో ఇటలీ రసాయన శాస్త్రవేత్త జూలియో నట్టా సాధించాడు. 1963లో జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. చవక, తేలిక, గట్టి. ఒకటే లోపం: దేన్నీ అంటనివ్వదు. ఫ్యాక్టరీలో చాలాచోట్ల రంగు పట్టడానికి ముందు బంపరు మీదుగా మంటను చకచకా ఆడిస్తారు, పైపొర స్వభావం మారి పూతను పట్టుకోవడానికి. ఇంట్లో ఆ పని చేయలేం కనుక ప్లాస్టిక్ ప్రైమరనో అడ్హీషన్ ప్రమోటరనో పిలిచే పలచటి ద్రవం కొడతారు. నల్ల ప్లాస్టిక్ కనిపించిన ప్రతిచోటా అది పడాలి. ఇంట్లో చేసిన బంపరు పని కొన్నాళ్లకు పొక్కులై, పొరలుగా ఊడొస్తే చాలాసార్లు కారణం ఈ ఒక్క అడుగు వదిలేయడమే. కంటికి కనబడని పొర గదా, ఎవరికైనా వదిలేయాలనే అనిపిస్తుంది.

ఇక రుద్దుడు. వాటర్ పేపరు నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 180 నంబరు కాగితం మీద ఇసుక రేణువు సగటున 80 మైక్రాన్లుంటుంది. 400 నంబరుకు 35, 2000కు 10. పూత మొత్తం మందమే 150 మైక్రాన్లయినప్పుడు 180 కాగితం ఎంత మొరటు ఆయుధమో చూడండి. ఆయన దాన్ని గీతల పెళుసు అంచులు కొట్టేయడానికి మాత్రమే వాడి పక్కన పడేశారు. తర్వాత 240, 400. వేళ్లతో నేరుగా నొక్కకుండా రబ్బరు దిమ్మకు కాగితం చుట్టి, గీతకు అడ్డంగా, ఏటవాలుగా దిశ మారుస్తూ రుద్దారు. వేళ్లతో రుద్దితే వేలున్న చోట గుంట, వేలి సందులో గట్టు వస్తాయట. కాసేపటికి గీత చుట్టూ వలయాలు తేలాయి. బయట క్లియర్, లోపల వెండి, ఇంకా లోపల బూడిద రంగు ప్రైమరు, నడుమ నలుపు. భూగోళం పుస్తకంలో కొండ ఎత్తులు చూపే గీతల్లా ఒక్కో పొర తన అంచు చూపించింది. వలయం ఎంత వెడల్పుగా వస్తే వాలు అంత బాగా కుదిరినట్టు. ఆయన ఒక్కో వలయాన్ని వేలెడు వెడల్పు తెచ్చారు. కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి, ఒకచోట ఆగి, అక్కడే ఇంకో నాలుగు రుద్దులు వేశారు. కన్ను చూడలేని మెట్టును అరచెయ్యి పట్టేస్తుంది.

పాలీప్రొపిలీన్‌కు ఇంకో పాడు గుణముంది. వేగంగా రుద్దితే వేడికి మెత్తబడి బొచ్చు లేస్తుంది. ఆ బొచ్చు మీద ప్రైమరు కొడితే ఆరాక ముళ్లలా నిలబడుతుంది. మెషిను వాడేవాళ్లకు ఇది తెలియక ఎంత రుద్దినా నునుపు రాదేమని చిరాకు పడుతుంటారు. ఆయన చేత్తో, తడిపి, నెమ్మదిగా రుద్దారు. అయినా లేచిన నాలుగు పోగుల్ని కొత్త బ్లేడును పడుకోబెట్టి కోసేశారు.

అన్నట్టు, నీళ్లతో రుద్దే ఈ కాగితం అమెరికా 3ఎం కంపెనీ 1921లో తెచ్చిన సరుకు. ఫ్రాన్సిస్ ఓకీ అనే సిరా తయారీదారుడి ఆలోచన అది. కార్ల పెయింటర్లు దుమ్ము మింగకుండా కాపాడింది. అదే కంపెనీలో రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపు చేశాడు, రెండు రంగుల కార్లకు టేపు పీకితే రంగు కూడా ఊడొస్తోందని పెయింటర్లు విసుక్కోవడం చూసి. ఈ రెండూ లేకపోతే ఇంటి ముంగిట్లో కారు పని అనే మాటే ఉండేది కాదు.

లప్పం దగ్గర ఆయన చెయ్యి చూసి తీరాలి. బంపరుకు గోడల లప్పం పనికిరాదు, ఇనుప రేకుకు వాడే గట్టి లప్పమూ పనికిరాదు. బంపరు వంగుతుంది, గట్టి లప్పం వంగలేక పగులుతుంది. ప్లాస్టిక్ కోసం చేసే వంగే లప్పం వేరే దొరుకుతుంది. అందులో హార్డ్‌నర్ పేస్టు సుమారు 2 శాతం కలపాలి. పాలకు తోడు వేసినట్టే, ఎండాకాలం తక్కువ, చలికాలం కాస్త ఎక్కువ. మరీ ఎక్కువైతే చేతిలోనే గట్టిపడుతుంది, పైగా మిగిలిన హార్డ్‌నర్ తర్వాత రంగులోకి ఊరి మరకవుతుంది. ఆయన గిలక్కొట్టలేదు. పలక మీద మడతపెడుతూ, నొక్కుతూ కలిపారు, గాలి బుడగ చిక్కకుండా. మొదటి పూత గీతలోకి గట్టిగా నొక్కి, మిగతాదంతా గీకేశారు. దానిమీద రెండోది పలచగా, దెబ్బ కంటే వెడల్పుగా. అంతే. "లప్పం ఎక్కువ పెట్టినోడు రుద్దలేక చస్తాడు" అని ఆయన సూత్రం.

ఆరాక దాని మీద నల్ల రంగు పొగలా ఒక్క విసురు విసిరారు. ఇదేమిటనుకున్నాను. దిమ్మతో రుద్దుతుంటే ఎత్తున్న చోట నలుపు పోయి, పల్లం ఉన్న చోట మిగిలింది. గోరంత నల్లచుక్క ఒకటి ఎంతకీ పోలేదు. అక్కడ కాస్త లప్పం పెట్టి మళ్లీ మొదటికొచ్చారు. చేతి అంచనాను నమ్మకుండా, చేతికి పరీక్ష పెట్టుకునే ఈ పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. అంత అనుభవం ఉన్నాయన అది మానేస్తే అడిగేవాళ్లు లేరు.

రంగు సంగతికొస్తే, వెండి రంగు పెయింటర్ల పాలిట శత్రువు. తెలుపు చెడినా సర్దుకోవచ్చు. వెండి రంగులో అల్యూమినియం రేకులు సన్నగా తేలుతుంటాయి. రంగు తడిగా, దగ్గర్నుంచి పడితే రేకులు అడుక్కి దిగి ముదురుగా కనిపిస్తుంది. దూరం నుంచి పొడిగా పడితే రేకులు పైనే నిలిచి లేతగా వస్తుంది. కోడు ఒకటే, డబ్బా ఒకటే, చెయ్యి మారితే రంగు మారుతుంది. మారుతిలో సిల్కీ సిల్వర్ కోడు 'జెడ్2ఎస్'. ఆ కోడు చెప్పి నింపించిన స్ప్రే డబ్బా తెచ్చారు. (స్ప్రే డబ్బాలో రంగు నింపడం 1949లో అమెరికాలో ఎడ్వర్డ్ సీమోర్ మొదలుపెట్టాడు. రేడియేటర్లకు వేసే అల్యూమినియం రంగును జనానికి చూపించడానికి చేసిన ఉపాయం అది. అంటే రంగు స్ప్రే డబ్బా పుట్టుకే వెండి రంగుతో.) ఆయన ముందు అట్టముక్క మీద కొట్టి, ఆరబెట్టి, క్లియర్ వేసి, కారు పక్కన పెట్టి ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూశారు. క్లియర్ పడకముందు వెండి రంగును పోల్చి చూడటం దండగ. ఎండ పొడ వచ్చి మంచు చెమ్మ పూర్తిగా పోయాకే డబ్బా ఎత్తారు. చెమ్మగాలిలో థిన్నరు ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, నీటి ఆవిరి దాని మీద పట్టి పాలలా తెల్లబారుతుంది. కృష్ణా తీరంలో వానాకాలం ఈ పని పెట్టుకోకూడదు.

జానెడు దూరం, చెయ్యి బంపరుకు సమాంతరంగా. బొత్తాం బంపరు బయటే నొక్కి, బయటే వదిలారు. ప్రతి వరసా ముందుదాన్ని సగం కప్పింది. మొదటి పూత కింద, లప్పం మీద కొట్టిన ప్రైమరు కనిపిస్తూనే ఉంది, అయినా తొందరపడలేదు. పూతకూ పూతకూ మధ్య పది నిమిషాలు ఆగారు. ప్రతి పూతా కిందటిదానికన్నా కాస్త ముందుకు జరిగింది. మళ్లీ అదే వాలు, ఈసారి రంగుతో. టేపు అంచును కూడా నున్నగా అతికించలేదు. తిరగేసి మడిచి, రంగు అంచు పొగలా కరిగేలా చేశారు. క్లియర్ మాత్రం మధ్యలో ఆపలేదు, బంపరు మీద మడత వచ్చేదాకా తీసుకెళ్లారు. క్లియర్‌కు మధ్యలో అంచు దాచడం ఎవరి తరమూ కాదు. ఎప్పటికైనా అక్కడే పొర లేస్తుంది.

కొన్నాళ్లు ఆగి 2000 నంబరు కాగితంతో తడిపి రుద్ది, కాంపౌండు పెట్టారు. అప్పుడు చేసిన పని చిన్నదే గానీ గొప్పది. ఫ్యాక్టరీ పూతను ఏటవాలుగా చూస్తే నారింజ తొక్కలా సన్నటి అలలుంటాయి. ఆయన తన మూలను అద్దంలా చేయగలరు. చేయలేదు. అద్దంలా చేస్తే చుట్టూ అలలున్న చోట అదొక్కటే నీటిమడుగులా పట్టిచ్చేస్తుందని, కాస్త అల ఉంచేశారు. నైపుణ్యం ఉండీ దాన్ని అక్కడ ఆపడం అందరికీ రాదు.

లోపం లేదా అంటే ఉంది. సాయంత్రం ఏటవాలు ఎండలో, అదీ మూలనుంచి చూస్తే, ఆ భాగం పిసరంత లేతగా ఉంది. ఆయనకీ తెలుసు. అయితే ప్లాస్టిక్ బంపరుకూ ఇనుప రేకుకూ రంగు చాలాసార్లు వేర్వేరుగా వేస్తారు కనుక కొత్త కార్లలోనే ఆ మాత్రం తేడా కనిపిస్తుంది. నా లెక్కలో ఈ పనికి నూటికి తొంభై. షాపు పనుల్లో చాలావాటికి అంత వెయ్యను.

మీరు మొదలుపెట్టాలనుకుంటే రెండు మాటలు. హార్డ్‌నర్ కలిసిన రెండు భాగాల క్లియర్‌లో ఐసోసైనేట్లుంటాయి. అవి ఊపిరితిత్తులకు పట్టి ఉబ్బసం తెస్తాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపదు. అపార్ట్‌మెంటు సెల్లారులో వాటి జోలికి పోకండి, ఆ పూత షాపుకే వదలండి. మామూలు ఒక భాగం క్లియర్ ఇంట్లో చాలు, పెట్రోలు పడకుండా చూసుకుంటే నిలుస్తుంది. ముత్యపు మెరుపు రంగుల్లో మూడు పూతలుంటాయి, అవీ మొదటి ప్రయత్నానికి వద్దు. కొన్ని కొత్త కార్లలో బంపరు వెనక రాడార్ ఉంటుంది. అది ఉన్నచోట లప్పం గానీ మందపు పూత గానీ పడితే దాని చూపు తప్పుతుంది. కాగితం పట్టేముందు బండితో వచ్చిన పుస్తకంలో అది ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.