గుణ్ణం గంగరాజు చిత్రాల్లో బాల్యం

మన సాహిత్యంలో బాలల రచనకు దక్కిన చిన్నచూపే సినిమాలో బాలల చిత్రానికీ దక్కింది. గుణ్ణం గంగరాజు కృషిని మన విమర్శకులు పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

ఆయన స్వయంగా కథ రాసి దర్శకత్వం వహించిన ‘లిటిల్ సోల్జర్స్’ 1996లో వచ్చింది. అంతకు ముందటి తెలుగు చిత్రాల్లో పసివాడు చాలావరకు పెద్దల కన్నీటికి పనిముట్టు. 1972 నాటి ‘పాపం పసివాడు’ పేరులోనే ఆ జాలి ఉంది. ఎడారిలో చిక్కిన బాలుణ్ణి చూసి తల్లులు ఏడవాలి, అంతే. గంగరాజు సృష్టించిన సన్నీ, బన్నీ అలాంటివారు కారు. పేచీ పెడతారు, పెద్దల్ని ఆటపట్టిస్తారు, ప్రమాదం ముంచుకొస్తే తామే ఎత్తు వేస్తారు. బాలాదిత్య, కావ్యల నోట నీతివాక్యాలు పలికించకపోవడం రచయితగా ఆయన సంయమనం. పిల్లవాడికీ స్వంత బుద్ధి ఉందని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మన తరగతిగదులే ఇంకా ఒప్పుకోలేదు!

ఇక వస్తువు సంగతి. తల్లిదండ్రులు చనిపోతారు, పిల్లలు సంపన్నుడైన తాత ఇంటికి చేరుతారు, ఆస్తిమీద కన్నేసినవారు వాళ్ల ప్రాణాలకు ఎసరు పెడతారు. అంటే ఆ పిల్లల శౌర్యమంతా వారసత్వం చుట్టూ తిరుగుతుంది. పిల్లల సినిమాలో వర్గాలేమిటని మిత్రులు కొందరు నవ్వవచ్చు. నేను పాఠం చెప్పేది ఆదోనిలో. ఇక్కడినుంచి ఎమ్మిగనూరు దాకా పల్లెల్లో వానలు ముఖం చాటేసిన ఏడు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీయడానికి సుగ్గికి పోతాయి. కొందరు పిల్లలు బడి మాని వెంట పోతారు. కొందరు అవ్వాతాతల దగ్గర మిగిలిపోతారు. తాత ఇంట పెరిగే పిల్లలు ఇక్కడా ఉన్నారు. కాజేయడానికి ఆస్తే లేదు. వీళ్ల తెలివీ సాహసమూ ఏ కథకూ పనికిరావా?

అయితే నేరమంతా గంగరాజు నెత్తిన రుద్దడం అన్యాయం. ఆ తర్వాత ఆయన పెద్దల వినోదం వైపు మళ్లారు: 2001లో మొదలైన టీవీ ధారావాహిక ‘అమృతం’, నిర్మాతగా 2003లో ‘ఐతే’. 2006 నాటి ‘అమ్మ చెప్పింది’లో ఎదిగిన దేహంలో పసిమనసున్న కొడుకును చూపారు, పాత మమకారం అక్కడ మళ్లీ తొంగిచూస్తుంది. ‘లిటిల్ సోల్జర్స్’కు మాత్రం తోబుట్టువు పుట్టలేదు. 1955లో కేంద్రం నెలకొల్పిన బాలల చిత్ర సమితి హైదరాబాదులో అంతర్జాతీయ ఉత్సవాలు జరిపింది. 2022లో దాన్ని జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిపేశారు. టిక్కెట్టు కొనలేని ప్రేక్షకుణ్ణి మార్కెట్టు ఎలాగూ లెక్కలోకి తీసుకోదు. ప్రభుత్వమూ చేతులు దులుపుకుంటే ఇలాంటి రచయిత ఎవరి అండతో రాయాలి?

అధ్యాపక మిత్రులు ఈ చిత్రాన్ని తమ విద్యార్థులకు వేసి చూపించాలి. చూశాక, సుగ్గికి పోయి వచ్చిన పిల్లవాడిచేత కథ చెప్పించాలి.