గోలు ముంగిట సృజన: అమదేయో కర్రీసో విద్య

ఫుట్‌బాల్ క్రీడలో తక్కిన పదిమందికి గెలుపుతో సంబంధమనియు, గోల్‌కీపరునకు మాత్రము ఓటమితోడనే సంబంధమనియు ఒక యభిప్రాయము చిరకాలము ప్రబలియుండెను. బంతిని ఆపినచో అది యతని విధి. ఆపలేకపోయినచో అది యతని యపరాధము. రెండు స్తంభముల నడుమ గీతను విడువక నిలిచి, తనమీదికి వచ్చిన బంతిని త్రోసివేయుటయే అతని పని యని శిక్షకులును ప్రేక్షకులును తలంచుచున్న కాలమున, దాడి యనునది ఆ స్థానమునుండియే ఆరంభము కావలెనని నమ్మి, ఆ నమ్మకమును ఇరువది సంవత్సరములకు పైగా ఆచరించి చూపినవాడు అర్జెంటీనా దేశస్థుడు అమదేయో కర్రీసో. దక్షిణ అమెరికా గోల్‌కీపరుల సంప్రదాయమును తెలిసికొనగోరువారు ఈతని యొద్దనే ఆరంభింపవలెనని నా దృఢాభిప్రాయము.

ఈతడు 1926 జూన్ 12వ తేదీన సాంతా ఫే రాష్ట్రమునందలి రుఫీనో పట్టణమున జన్మించెను. బ్యూనస్ ఐరెస్ నగరమునందలి రివర్ ప్లేట్ క్లబ్బు పక్షమున 1945లో ప్రథమశ్రేణి క్రీడయం దడుగిడి, 1968 వరకు ఆ క్లబ్బును వీడలేదు. అతడు చేరిన వేళ మూన్యోస్, మొరేనో, పెదెర్నేరా, లబ్రూనా, లౌస్తవ్ అను ఐదుగురు ఫార్వర్డులు ఆ క్లబ్బునకు ‘యంత్రము’ అను బిరుదును సంపాదించి పెట్టిన కీర్తి యింకను మాయలేదు. బంతిని వృథాగా తన్నివేయుట అమర్యాదగా భావింపబడు ఆ వాతావరణమున పెరిగిన యువకుడు, గోలు ముందు నిలిచినంత మాత్రమున ఆ మర్యాదకు తాను వెలియని యెంచుకొనకపోవుటలో వింతలేదు. 1952 మొదలు 1957 వరకు గల ఆరేండ్లలో రివర్ ప్లేట్ ఐదు పర్యాయములు జాతీయ లీగును గెలిచెను.

అతని విద్యలో ప్రథమాంశము స్థానజ్ఞానము. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. గీతమీదనే నిలిచినవాడు ఎంతటి చురుకైనవాడైనను, ఎదుట నున్న ఫార్వర్డునకు ఇరుప్రక్కలను విశాలమైన ఖాళీని చూపుచునే యుండును. అతడే నాలుగడుగులు ముందునకు వచ్చెనేని, ఆ ఖాళీ క్షణములో కుంచించుకొని పోవును. కర్రీసో ఈ సూత్రమును పెనాల్టీ ఏరియా సరిహద్దు వరకు, అవసరమైనచో దానికి వెలుపలి వరకు కొనసాగించెను. అచ్చట చేతులకు అధికారము లేదు, పాదములే శరణ్యము. ప్రత్యర్థి బంతిని అందుకొనకమున్నే పరుగెత్తి, దానిని పాదముతో లోబరచుకొని, సహచరునకు అందించుట అతనికి నిత్యకృత్యము. 1954లో ప్రత్యర్థి క్లబ్బు బొకా జూనియర్స్ ఫార్వర్డు బొరేయోను బంతితోనే తప్పించి ముందునకు సాగిన సంఘటనను రివర్ అభిమానులు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. సహచరుడు వెనుకకు పంపిన బంతిని గోల్‌కీపరు చేతులతో తీసికొనుట ఆ దినములలో నిషిద్ధము కాదు. ఆ నిషేధము 1992లో గాని రాలేదు. తరువాతి తరమువారు నియమమునకు లోబడి నేర్చినదానిని ఇతడు స్వేచ్ఛగా వరించెనని దీనివలన విదితమగును.

ద్వితీయాంశము బంతిని పంపుటలోని వివేకము. సాధారణముగా గోల్‌కీపరులు బంతిని ఎత్తుగా, దూరముగా తన్నుచుండిరి. అది క్రిందికి దిగునప్పటికి ఉభయపక్షములకును సమానమైన అవకాశ ముండెడిది. కర్రీసో మాత్రము, దాడికి వచ్చిన ప్రత్యర్థులు తమ స్థానములకు మరలకపూర్వమే, ఒంటరిగా నున్న వింగ్ ఫార్వర్డును గుర్తించి అతని పాదములచెంతకే బంతిని చేర్చుచుండెను.

తృతీయాంశము బంతిని పట్టుట. పిడికిలితో గ్రుద్దిన బంతి మరల అందరిదగును. పట్టిన బంతి గాదెకు చేరిన ధాన్యము వంటిది. కావుననే ఉన్నతకాయుడగు ఇతడు గాలిలో వచ్చు బంతులను గ్రుద్దుటకంటె పట్టుటకే ప్రాధాన్య మొసంగెను. ఒట్టి చేతులతో నాడుటయే వాడుకగా నున్న దేశములో గ్లౌజులు ధరించిన తొలి గోల్‌కీపరుగా అర్జెంటీనా ప్రజలు ఇతనినే చెప్పుకొందురు.

ఇంతటివానికిని 1958 జూన్ 15న స్వీడనునందలి హెల్సింగ్‌బోర్గ్ నగరమున ఘోరపరాభవము సంభవించెను. ప్రపంచ కప్పు పోటీలో చెకొస్లొవేకియా 6-1 గోలులతో అర్జెంటీనాను ఓడించెను. స్వదేశమునకు తిరిగివచ్చిన జట్టుపై విమానాశ్రయమున నాణెములు విసరిరి. నిందాభారము అధికముగా కర్రీసోపైననే పడెను. ఇది యన్యాయము. 1950, 1954 ప్రపంచ కప్పులలో అర్జెంటీనా పాల్గొననేలేదు. ఐరోపా జట్ల వేగమును, శరీరదార్ఢ్యమును ఎరుగక అది స్వీడనుకు పోయినది. 1957లో లీమాలో జట్టును దక్షిణ అమెరికా విజేతగా నిలిపిన సీవోరి, ఆంజెలిల్లో, మాస్కియో అప్పటికే ఇటలీ క్లబ్బులకు తరలిపోయిరి. నలుబది యేండ్లు నిండనున్న లబ్రూనాను పిలువవలసి వచ్చినది. ఇన్ని కారణములను విస్మరించి గోలులో నున్నవానిని దూషించుట ప్రేక్షకలోకమునకు సులభమైన మార్గము.

దానికి సమాధానము 1964లో లభించెను. బ్రెజిల్ ఏర్పాటు చేసిన నేషన్స్ కప్పులో అర్జెంటీనా పోర్చుగల్‌ను, పెలె ఆడిన బ్రెజిల్‌ను, ఇంగ్లండును వరుసగా ఓడించి, ఒక్క గోలైనను ఇవ్వక విజేత యయ్యెను. బ్రెజిల్‌తో నాడినపుడు జెర్సన్ కొట్టిన పెనాల్టీని కర్రీసో ఆపెను.

1966లో శాంటియాగో నగరమున జరిగిన, దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీయగు లిబర్తడోరెస్ కప్పు నిర్ణాయక పోటీలో రివర్ 2-0తో ముందంజలో నుండగా, ఉరుగ్వే క్లబ్బు పెనరోల్ పంపిన బంతిని అతడు చేతులతో గాక రొమ్ముతో ఆపెను. ఆ చర్య అవహేళనగా తోచి పెనరోల్ వారి పౌరుషమును రగిల్చినదనియు, అందుచేతనే వారు 4-2తో గెలిచిరనియు చెప్పుదురు. బంతిని ఏ యంగముతోనైనను వశపరచుకొనుటయే తన కళగా సాధన చేసినవాడు ఆ క్షణమున దానిని దాచుకొనవలసి యుండెనని నేను ఒప్పుకొనజాలను.

1968లో, నలుబది రెండేండ్ల ప్రాయమున, అతడు 769 నిమిషములు గోలు ఇయ్యక నిలిచెను. దానిని భంగపరచినవాడు వేలెస్ సార్స్‌ఫీల్డ్ యువకుడు కార్లోస్ బియాంకి. పిమ్మట కొలంబియాలో మిల్యోనారియోస్ పక్షమున నాడి విరమించెను. 2020 మార్చిలో దివంగతుడైన ఇతని జన్మదినమును అర్జెంటీనా ‘గోల్‌కీపరు దినము’గా పాటించుచున్నది.

రివర్ ప్లేట్‌లో 1964 నుండి ఇతని వెనుక నిరీక్షించిన యువకుడు ఊగో గాత్తి. గీతను విడిచి నడచుట, పాదములతో బంతిని నడపుట అను ఈ విద్యను అతడు తన స్వభావమునకు అనుగుణముగ మలచుకొని, రివర్ చిరప్రత్యర్థి బొకా జూనియర్స్‌కు కొనిపోయి, 1977లో ఆ క్లబ్బు మొట్టమొదటిసారి లిబర్తడోరెస్ కప్పును గెలిచినపుడు దాని గోలులో నిలిచెను.