ఆకు వాడకముందే

వేరుశనగ చేలోంచి ఆకులు తెచ్చిన రోజు ల్యాబ్‌లో నా మొదటి పని చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకోవడం. వేలికున్న చెమటా ఉప్పే. అది ఆకుదా నాదా అన్నది వాహకత కొలిచే మీటరుకు తెలియదు. కార్క్ బోరర్‌తో ఆకులోంచి చిన్న బిళ్లలు తీస్తాను. కోత పడిన అంచున కణాలు తెగి ఉప్పు బయటికొస్తుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడుసార్లు కడగాలి. ఒకసారి ఇక్కడే తొందరపడి, మొక్కలకు లేని జబ్బు అంటగట్టాను. పనంతా మళ్లీ చేయాల్సొచ్చింది.

కడిగిన బిళ్లల్ని కొలిచి పోసిన నీళ్లలో వదిలేస్తాను. కణం చుట్టూ ఉన్న పల్చటి కొవ్వు పొర బాగుంటే లోపలి పొటాషియం చాలావరకు లోపలే ఉంటుంది. బెట్టకో ఎండకో పొర దెబ్బతింటే అది నీళ్లలోకి జారి, నీళ్ల విద్యుత్ వాహకత పెరుగుతుంది. కొన్ని గంటలయ్యాక ఒక రీడింగు. ఆపైన అవే గొట్టాల్ని మరిగే నీళ్లలో ఉంచి, కణాలన్నీ చచ్చి చల్లారాక ఇంకోటి. మొదటిది రెండోదాంట్లో ఎంత శాతమన్నదే లెక్క. రెండో రీడింగు మానేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆకులో ఎంతుందో తెలియకుండా ఎంత కారిందో చెప్పి ఏం లాభం?

ఈ పనిలో ఉన్నంతసేపూ నాకు ఆస్టర్‌హౌట్ అనే వృక్షశాస్త్రవేత్త గుర్తొస్తాడు. 1910ల్లో హార్వర్డ్‌లో ఆయన లామినేరియా అనే సముద్రపు నాచును బిళ్లలుగా కోసి, నాణేల దొంతరలా పేర్చి, రెండు కొసల మధ్య విద్యుత్ నిరోధం కొలిచాడు. సముద్రపు నీళ్లలో నిరోధం నిలకడగా ఉండేది. అంతే వాహకత ఉన్న ఒట్టి సోడియం క్లోరైడ్‌లో పెడితే పడిపోయేది. కాల్షియం క్లోరైడ్‌లో ముందు పెరిగి, తర్వాత పడేది. రెండూ తగిన పాళ్లలో కలిపితే నాచు చాలాకాలం బతికేది. ఉప్పులోంచి త్వరగా తీసి సముద్రపు నీళ్లలో వేస్తే నిరోధం మళ్లీ పైకొచ్చేది, ఆలస్యమైతే కొంతవరకే. గాయం, కోలుకోవడం, చావు ఒకే గీత మీద కనబడ్డాయి. 1922లో వచ్చిన ఆయన పుస్తకం పేరులోనే ఆ మూడు మాటలూ ఉన్నాయి.

అందుకే బెట్ట చేలో ఒక్కసారి కొలిచి ఊరుకోను. తడి పెట్టాక అవే సాళ్లలోంచి మళ్లీ ఆకులు తెస్తాను. అప్పుడూ ఇప్పుడూ కంటికి ఒకేలా పచ్చగా ఉంటాయి. లెక్కలో శాతం దిగిందంటే మాత్రం, చేను తేరుకుంటోందని ఆ సాయంత్రమే రైతుకు ఫోన్ చేస్తాను.