కరపత్రమూ, దాని పాఠకుడూ

మన సాహిత్య చరిత్రల్లో విద్యార్థుల వ్రాతకు చోటు లేదు. కళాశాల పత్రిక, గోడపత్రిక, కరపత్రం ఇవన్నీ రేపు రచయిత కాబోయేవాడు చేయి తిప్పుకొనే పలకా బలపమేననీ, విమర్శకుడు వాటి జోలికి పోనక్కరలేదనీ మన పండితుల అభిప్రాయం. పచ్చి వ్రాతలట! కాని వీటిని పచ్చివని ఎన్నడూ త్రోసిపుచ్చని పాఠకుడు ఒకడున్నాడు. అతడు పోలీసు. అక్షరం వదలకుండా చదువుతాడు. వ్రాసినవాడు పరాయి దేశపు విద్యార్థి అయితే పని ఇంకా తేలిక. నేరం రుజువు చేయనక్కరలేదు, దేశం విడిచి పొమ్మంటే చాలు, చదువు అక్కడితో ఆగిపోతుంది.

వరాహగిరి వెంకటగిరి 1913లో బరంపురం నుంచి డబ్లిన్ వెళ్ళి యూనివర్సిటీ కాలేజీలోను, న్యాయశాస్త్రం కోసం కింగ్స్ ఇన్స్‌లోను చేరాడు. ఆ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే థామస్ మెక్‌డొనా, 1916 ఈస్టర్ తిరుగుబాటు ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఒకడు. మే 3న బ్రిటిషు సైన్యం అతణ్ణి కాల్చి చంపింది. అక్కడి భారతీయ విద్యార్థులు ఐరిష్ పత్రికల్లో పేర్లు లేకుండా వ్యాసాలు వ్రాశారు. దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద సాగుతున్న దౌర్జన్యాలను గూర్చి ఒక కరపత్రం వెలువరించారు. అది గూఢచారి శాఖ చేతికి చిక్కింది. నిఘా పెరిగింది. తిరుగుబాటును అణచిన తరువాత విద్యార్థుల బసల్లో సోదాలు జరిగాయి. జూలై 1 లోగా దేశం విడిచి పొమ్మని గిరికి తాఖీదు వచ్చింది. బారిస్టరు పట్టా ఎట్లాగో చేతికందింది గాని, బి.ఎ. చదువు సగంలోనే ఆగింది.

ఈ కథను మనం చెప్పుకొనే తీరు చూడండి. 1969లో రాష్ట్రపతి అయిన మనిషి యౌవనంలో ఒక రంగుల ఘట్టం! డి వాలెరా పేరూ, కానొలీ పేరూ పూసల్లాగా గుచ్చి ఆయన మెడలో వేస్తాం. కరపత్రం మాత్రం దండలో ఇమడదు, దాన్ని వదిలేస్తాం. అసలు వస్తువు ఉన్నది అక్కడే. ఒక వలసదేశపు విద్యార్థి, మరో వలసదేశంలో కూర్చొని, మూడో వలసదేశంలోని కూలీల కోసం వ్రాశాడు. ఆ కూలీలు ఎవరు? 1860 నుంచి 1911 వరకు ఒప్పందాల మీద నేటాలు చెరకు తోటలకు తరలించిన జనంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. 1913లో అక్కడ భారతీయ కూలీల పెద్ద సమ్మె జరిగింది. గిరి ఇంటికి తిరిగివచ్చి రైల్వే కార్మికుల సంఘాల్లో పనిచేయడానికీ, ఈ కరపత్రానికీ నడుమ ఉన్న దారిని మన జీవితచరిత్రకారులు చూపవలసింది. చూపలేదు.

దర్శి చెంచయ్య ‘నేను, నా దేశం’ కూడా మనకు ఉంది. 1912లో చదువుకోసం అమెరికా వెళ్ళి గదర్ పార్టీలో చేరి, తరువాత జైళ్ళ పాలయిన మనిషి స్వీయచరిత్ర అది. ఎం.ఎ. విద్యార్థులను అడిగితే ఆ పేరు విన్నవారు తరగతికి ఒకరిద్దరు కూడా ఉండరు.

ఇది పాత కథ అనుకొనేవారు అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వైపు చూడాలి. 2024 మార్చి 26న అక్కడి విద్యార్థి దినపత్రిక ‘టఫ్ట్స్ డైలీ’లో నలుగురు విద్యార్థులు కలిసి ఒక వ్యాసం వ్రాశారు. గాజా మీద విద్యార్థి సెనేట్ చేసిన తీర్మానాలను పెడచెవిని పెట్టవద్దనీ, ఇజ్రాయెల్‌తో సంబంధమున్న సంస్థల నుంచి విశ్వవిద్యాలయపు పెట్టుబడులు ఉపసంహరించాలనీ అధ్యక్షుడు సునీల్ కుమార్‌ను అడిగారు. శైలి రీత్యా అది కమిటీ భాషే. ఆవేశం కంటె తీర్మానాల ప్రస్తావన ఎక్కువ. మన పండితులు చదివితే పేలవమనే తేలుస్తారు. కాని ఆ నలుగురిలో ఒకరైన తుర్కీ పరిశోధక విద్యార్థిని రుమేసా ఓజ్‌టుర్క్‌ను 2025 మార్చి 25న ఇఫ్తారు విందుకు వెళుతుండగా ముసుగులు కట్టుకొని మఫ్టీలో వచ్చిన అధికారులు నడివీధిలో పట్టుకొన్నారు. వీసా అప్పటికే రద్దు చేశారు. ఆమెకు ఆ సంగతి తెలియదు. లూసియానా నిర్బంధ కేంద్రంలో ఉంచారు. ఆరు వారాలు గడిచాక, మే 9న, వెర్మాంట్ న్యాయమూర్తి విడుదలకు ఉత్తర్వు చేస్తూ, ప్రభుత్వం ఆ వ్యాసం తప్ప మరో ఆధారమేదీ చూపలేదన్నాడు. విచిత్రమేమంటే, ఆ వ్యాసం ఎవరిని విమర్శించిందో ఆ అధ్యక్షుడే, అది తమ నియమాలకు విరుద్ధం కాదని కోర్టుకు ప్రమాణపత్రం ఇచ్చాడు. విమర్శకు గురైనవాడికి లేని కోపం రాజ్యానికి వచ్చింది!

దీని ఫలితం ఒక్క మనిషితో ఆగలేదు. 2025 ఆగస్టులో ‘స్టాన్‌ఫర్డ్ డైలీ’ పత్రిక ప్రభుత్వం మీద దావా వేసింది. విదేశీ విద్యార్థి విలేకరులు కొందరు గాజా వార్తలు వ్రాయమంటున్నారనీ, పాత వ్యాసాల నుంచి తమ పేర్లు తీసివేయమంటున్నారనీ అందులో చెప్పుకొంది. అచ్చయినదాన్ని గూర్చి మాట్లాడడానికి మనకు అలంకారశాస్త్రం ఉంది. భయం వల్ల అచ్చు కానిదాన్ని కొలవడానికి ఏ కొలబద్ద ఉంది?

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. అందులో తెలుగు పిల్లల వాటా చిన్నది కాదు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు తమ సామాజిక మాధ్యమాల ఖాతాలను అధికారులు చూడగలిగేట్లు తెరిచి ఉంచాలన్నారు. “నువ్వు వెళ్ళింది చదువుకోడానికా, వ్రాయడానికా?” అని తల్లిదండ్రులు ఫోనులో హెచ్చరిస్తున్నారు. ఆ పిల్లల మౌనాన్ని పిరికితనమని నేను అనలేను. గిరి తండ్రి జోగయ్య పంతులు బరంపురంలో పేరున్న వకీలు; కొడుకు చదువు ఆగినా ఇల్లు కూలదు. నేటి విద్యార్థి వెనుక తాకట్టు పెట్టిన పొలమో, బ్యాంకు అప్పో ఉంది. అప్పు కూడా సెన్సారే. దేశాభిమానం, మాతృభాషాభిమానం గూర్చి వారికి ఉపన్యాసాలిచ్చే మన సభలు ఈ సంగతి ఎత్తవు.

వీసా భయం లేకుండా ఇక్కడ జీతం తీసుకొంటున్న మా అధ్యాపకులకు ఆ నెపం లేదు. కళాశాలల అలమారల్లో చెదలు తింటున్న విద్యార్థి సంచికలను వెదకి చదవడం మా పనే. అక్కడి నుంచి ఎవరైనా పేరు లేకుండా వ్రాసి పంపితే వేసుకోవడం మన పత్రికల పని. డబ్లిన్‌లో ఐరిష్ సంపాదకులు మనవాళ్ళ పేరులేని వ్యాసాలను అచ్చు వేశారు గదా.