గార పూత కింది ఇటుక

రూపం చెడిందని వాపోయే విమర్శకుడు ముందుగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ రూపం ఎవరి అవసరం కోసం, ఎవరి శ్రమ మీద నిలిచింది? ఇంగ్లండులో రీజెన్సీ కాలపు ఇళ్లు దుకాణాలుగా మారిన వైనం చదివినప్పుడల్లా నాకీ ప్రశ్న ఎదురవుతుంది. కింద అద్దాల దుకాణం, పైన పాత ఇంటి మొహం. ఈ అతుకును చూసి సౌందర్యవాదులు అందం నాశనమైందంటారు. నేను ఏకీభవించలేను.

రాజైన తండ్రి మతి చలించడంతో యువరాజు జార్జ్ 1811 నుంచి 1820 వరకు రాజప్రతినిధిగా పాలించాడు. శైలికి ఆ పదవి పేరే వచ్చింది. బ్రైటన్ సముద్రతీరం ఆయన విలాసస్థలం. దాని పక్కనున్న హోవ్‌లో చార్లెస్ బజ్బీ 1820లలో రూపొందించిన బ్రన్స్‌విక్ టౌన్ ఈ శైలికి మంచి ఉదాహరణ. దూరం నుంచి ఇళ్ల వరుస అంతా ఒకే రాజప్రాసాదం. దగ్గరకు వెళితే రాయిని నటించే గార పూత. 1796లో పార్కర్ పేటెంటు పొందిన 'రోమన్ సిమెంటు' వంటివి ఈ వేషానికి అక్కరకొచ్చాయి.

వేషం వెనుక ఆర్థికం ఉంది. భూస్వామి నేలను దీర్ఘకాలపు కౌలుకిచ్చేవాడు. కట్టేవాడు అప్పు తెచ్చి గోడలు లేపి, లాభం చూసుకుని అమ్ముకునేవాడు. 1825 ఆర్థిక సంక్షోభం ఇలాంటి వారిని ఎందరినో ముంచింది. జార్జియన్ కాలపు లండన్‌ను పెంచినది ఈ జూదమేనని జాన్ సమ్మర్సన్ తన 'జార్జియన్ లండన్' (1945)లో వివరించాడు. అంటే ఈ ఇల్లు పుట్టుకతోనే సరుకు. వ్యాపారం వచ్చి దాన్ని మైలపరిచిందనడం చరిత్ర తెలియని మాట.

ఇంటి కొలతల్లోనే వర్గముంది. నేలమాళిగలో వంటశాల. మొదటి అంతస్తులో ఎత్తయిన కిటికీలు, పోత ఇనుప బాల్కనీ, అతిథుల గది. చూరు కింద నౌకర్ల ఇరుకు గదులు. కిటికీల ఎత్తు చూస్తే చాలు, ఎవరెక్కడ బతికారో తెలిసిపోతుంది.

ఆ తర్వాత బజారు వచ్చింది. బ్రైటన్ వెస్టర్న్ రోడ్డులో ఇళ్ల ముందు తోటల మీదికి ఒంటి అంతస్తు దుకాణాలు జరుగుకొచ్చాయి. ఇలా మారిన ఇళ్లలో కొన్నిచోట్ల కింది గోడ తీసేసి, పై అంతస్తుల బరువంతా ఒక దూలం మీద మోపారు. గాజు మీద సుంకం 1845లో, కిటికీ పన్ను 1851లో రద్దయ్యాయి. పెద్ద అద్దపు పలకలు అందుబాటులోకి వచ్చాయి. వంటశాల సరుకుల కొట్టయింది.

మరి పై గదులు? ఆ కాలపు బట్టల దుకాణాలు చాలావాటిలో గుమాస్తాలు యజమాని పెట్టింది తిని, యజమాని చూపిన గదిలో పడుకోవలసిందే. నౌకరు పోయి గుమాస్తా వచ్చాడు, మెట్లు మాత్రం అవే. హెచ్.జి. వెల్స్ కుర్రతనంలో సౌత్‌సీలో అలాంటి దుకాణంలో పనిచేశాడు. ఆ అనుభవమే 'కిప్స్' (1905) నవలకు ముడిసరుకు. రోజంతా నిలబడి అమ్మే స్త్రీలకు ముగ్గురికొక ఆసనం చొప్పున ఉంచాలనడానికి 1899లో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. ఆ దుకాణపు అద్దం సరుకును చూపింది, అమ్మేవాళ్ల కాళ్ల నొప్పిని దాచింది. గార పూత ఇటుకను దాచినట్టే.

అలాగని దోపిడీ వర్గం కట్టించుకున్నది కనుక కూలిపోనిద్దామనే యాంత్రిక విమర్శ కూడా నాకు సమ్మతం కాదు. బ్రన్స్‌విక్ టెర్రస్‌ను కూల్చే ప్రతిపాదనను ఎదిరించడానికి 1945లో అక్కడి పౌరులు రీజెన్సీ సొసైటీ స్థాపించుకున్నారు. అది మంచి పని. ఆ గోడల్లో గార మేస్త్రీల, ఇనుము పోతపోసిన కార్మికుల నైపుణ్యం ఉంది. అది ప్రజల ఆస్తి. కాని పునరుద్ధరణ పేరుతో దుకాణపు గుర్తులన్నీ చెరిపేసి 1825 నాటి మొహాన్ని అతికిస్తే, గుమాస్తాల చరిత్ర కూడా వాటితోపాటు చెరిగిపోతుంది.

పునాది, ఉపరితలం అనే మాటల్ని మనం తరచు వాడుతుంటాం. కింద దుకాణంగా మారినా పైన పాత మొహం నిలుపుకున్న ఈ ఇల్లు వాటికి కళ్లెదుటి పాఠం. పునాది మారగానే ఉపరితలం మారిపోదు, పాత ఠీవితో కొంతకాలం నిలుస్తుంది. రూపవాది పైకే చూస్తాడు, యాంత్రికవాది కిందికే చూస్తాడు. రెండూ కలిసేచోటున్న అతుకును చదవడమే విమర్శకుడి పని. భవనంలోనైనా, నవలలోనైనా, చరిత్ర దొరికేది అక్కడే.